కొసరుకు కాటా లేదు

నమోదు 301. సోమవారం.

పేదల వాటా కింద ఈరోజు అమ్మకం: సున్నా. లెక్కలో తేడా వస్తే తూకం గుమస్తా కారణం రాయాలని నిబంధన. కొత్త భీమిలి రైతుబజారుకి తూకం గుమస్తాని నేనే, ఇజ్జరోతు కనకాన్ని. కాబట్టి రాస్తున్నాను.

దీన్ని ఎవరూ చదవరని నాకు తెలుసు. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన మూడు నెలలపాటు కారణాల గడిలో చేపల పులుసు ఎలా పెట్టాలో రాశాడు. ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. చింతపండు ఎక్కువైందని కూడా అనలేదు. అందుకని నేనూ మొహమాటం లేకుండా రాస్తాను.

'అందరికీ కూర' పథకం మొదలై ఆరు నెలలైంది. జావ కార్డు ఉన్నవాళ్లకి ఏ కూరగాయైనా సగం ధర. బజారు గోడ మీద పోస్టరు ఉంది. అందులో ఒకావిడ ఆనపకాయని చంటిపిల్లలా ఎత్తుకుని నవ్వుతూ ఉంటుంది. ఆవిడ తప్ప, జావ కార్డులవాళ్లుండే దిగువ పేట నుంచి ఇంతవరకూ ఎవరూ ఆనపకాయ ఎత్తుకోనూ లేదు, నవ్వనూ లేదు.

ఈరోజు ఒకావిడ వచ్చింది. పేరు సన్యాసమ్మ. వాటంతటవే నడిచొచ్చి మేడలవాళ్ల తరఫున బజారు చేసే బుట్టబండ్లు ఉన్నాయి కదా, వాటి కాళ్లు కడిగే పని ఆవిడది. పొద్దున్నే పైడమ్మ దుకాణంలో అరకిలో వంకాయలు ఏరుకుని, గేటు దగ్గరున్న ధర్మకాటా ముందు నిలబడింది. ధర్మకాటా అంటే నిలువెత్తు ఇనప స్తంభం. దానికి ఒక కన్ను, ఒక గొంతు. మనిషిని చూసి ఎవరికి ఎంత ధరో అదే తేలుస్తుంది. దాని గొంతు రైలు ఆలస్యమని చెప్పే గొంతులా ఉంటుంది, బజారు ఆ చివరిదాకా వినిపిస్తుంది.

"నమస్కారం. మీ ఆదాయం జావ స్థాయి. మీకు సగం ధర వర్తిస్తుంది. ఈ వంకాయలు మీకెందుకు అవసరం?"

సన్యాసమ్మ చుట్టూ చూసింది. "వండుకోడానికి బాబూ."

"మీ ఇంటి కుళాయిలో రోజుకు రెండుసార్లు సంపూర్ణ పోషక జావ వస్తోంది. అందులో వంకాయ కూడా ఉంది. జావలో మీకు కనిపించిన లోటు ఏమిటి?"

"లోటేటీ నేదు బాబూ. అందల వంకాయ కనిపించట్నేదు, అంతే."

"కనిపించకపోవడం అవసరాల జాబితాలో లేదు. మరో కారణం చెప్పండి."

ఆవిడ వెనక అయిదు బుట్టబండ్లు దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ తొందరపెడుతున్నాయి. పొద్దున్న తను కడిగిన కాళ్లే అవి. సన్యాసమ్మ వంకాయలు అక్కడే పెట్టేసి, "ఇంకో రోజు ఒత్తాను బాబూ" అని వెళ్లిపోయింది. తర్వాత బుట్టబండి పదిహేను కిలోలు తీసుకుపోయింది. నీకెందుకవసరమని దాన్ని ఎవరూ అడగలేదు.

"పెళ్లిసూపుల్లో కూడా ఇన్ని పశ్నలు అడగరే అమ్మీ. కందకి నేని దురద దీనికెందుకు?" అంది పైడమ్మ నాతో. పైడమ్మకి అరవై దాటాయి. బజారులో అందరికన్నా పాత రైతు, అందరికన్నా పెద్ద నోరు.

కారణం: పైన రాసినదే.


నమోదు 303. బుధవారం.

తేడా: అయిదు వంకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు. కారణం కొంచెం పొడుగ్గా ఉంది.

మధ్యాహ్నం రెండింటికి బజారు మూస్తాం. మూసేసరికి జావ మిల్లు నుంచి గున్నేశ్వరరావు తన గొట్టం బండి వేసుకుని వస్తాడు. అమ్ముడుపోనిదంతా మిల్లుకి చెందాలని ఒప్పందం, ఉచితంగానే. గొట్టం పెట్టి సర్రున పీల్చేస్తాడు. ప్రతిరోజూ పంటలో సగం ఆ గొట్టంలోకే పోతుంది, ఎందుకంటే బుట్టబండ్లకి తిన్నగా ఉన్న కాయలే కావాలి. వంకాయకి చిన్న ముక్కు మొలిచినా, బెండకాయ కాస్త నడుం వంచినా వాటికి పనికిరాదు. సంబంధం చూడ్డానికొచ్చిన పెళ్లికొడుకు తల్లి కూడా అంత పరీక్షగా చూడదు.

ఈరోజు పదకొండు గంటలకి సన్యాసమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి తెలివిగా ఒక్కటంటే ఒక్క వంకాయ తీసుకుంది. ఒక్క కాయ అయితే ధర్మకాటా ప్రశ్నలు అడగదు, రుచి చూడ్డం కింద వదిలేస్తుంది. సగం ధర కట్టింది. కట్టి, అక్కడి నుంచి కదల్లేదు. కొంగు పట్టింది.

"కొసరెయ్యప్పా."

పైడమ్మ ఆలోచించి చేసిందని నేననుకోను. ఆ మాట వినగానే ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది. ముక్కులున్న వంకాయలు నాలుగు, వాటి మీద ఇంకొకటి, గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసి కొంగులో పడేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ కొత్త బజారు పెట్టాక ఎవరూ కొసరు అడగలేదు, ఎవరూ వెయ్యలేదు. బుట్టబండ్లకి ఆ అలవాటు లేదు కదా.

గేటు దగ్గర ధర్మకాటా ఆపేసింది. "అమ్మకంలో లేని వస్తువులు బయటకు వెళుతున్నాయి. ఇవి ఏమిటి?"

"కొసరు" అని పైడమ్మ దుకాణం దగ్గర్నుంచే అరిచింది.

"ధర ఎంత?"

"కొసరికి దరేటి, పిచ్చి సచ్చినోడా!"

స్తంభం కన్ను కొంగు మీద నుంచి పైడమ్మ మీదికి తిరిగింది. "ధర లేనిది అమ్మకం కాదు. అమ్మకం కానిదాని మీద నాకు ప్రశ్నలు లేవు. వెళ్లవచ్చు."

సన్యాసమ్మ వెళ్లిపోయింది. పరుగెత్తలేదు గానీ ఆ నడక మామూలు నడకా కాదు.


నమోదు 306. శనివారం.

'అందరికీ కూర' లబ్ధిదారులు ఈరోజు నూట నలభై మంది. పై ఆఫీసు నుంచి అభినందనల చీటీ వచ్చింది, దాని మీద సంతకం లేదు. నూట నలభై మందికి అమ్మిన సరుకు: నూట నలభై కాయలు. తేడా: నాలుగు బుట్టలు.

దిగువ పేటలో కబురు పాకింది. పొద్దున ఏడింటి నుంచే వరస. ఒక్క బెండకాయ, ఒక్క దొండకాయ, ఒక్క టమాటా. ఒకావిడ ఒకే ఒక్క చిక్కుడుకాయ కొంది. అది కొనడానికి తెచ్చిన సంచీలో నేను కూడా పడతాను.

కొసరుకి కొన్ని పద్ధతులు ఉన్నాయి. ఇప్పటి పిల్లలకి తెలియవు కాబట్టి రాస్తున్నాను. కొసరు నోటితో అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు. అడిగాక రైతు విసుక్కోవాలి, "నీకే ఎయ్యాలా, నాకు నేరా పిల్లలు" అనాలి. విసుక్కుంటూనే వెయ్యాలి. పుచ్చుకున్నవాళ్లు అక్కడితో ఊరుకోకూడదు, ఇదేనా కొసరంటే అని మూతి తిప్పాలి. అప్పుడు ఇంకొకటి పడుతుంది. ఇందులో ఎక్కడా దణ్ణాలు, కృతజ్ఞతలు ఉండవు. మొదట్లో వచ్చిన చిన్నపిల్ల ఒకతె "థాంక్యూ అండీ" అనేసరికి పైడమ్మకి ఒళ్లు మండిపోయింది. "ఏం మాటలే అవి? కొసరు తక్కువేసేనా ఏటి?" అని ఇంకో రెండు కాయలు పడేసింది.

కూర్చుని చూస్తుంటే పొద్దు తెలియలేదు. పైడమ్మ చేస్తున్న దొంగతనం మాత్రం చూడ ముచ్చటగా ఉంది. ఇనప స్తంభం కన్ను కింద నుంచి నాలుగు బుట్టలు దాటించేసింది, దానికి ఈగ వాలినట్టు కూడా లేదు.

బజారులో నాలుగు రకాల కూర వాసన ఒంటికి పట్టించుకుని ఇంటికెళ్లి నేను తాగేది జావే. ఉద్యోగులు ఇక్కడ కొనకూడదని నిబంధన. ఉద్యోగం ఉంది కాబట్టి జావ కార్డు లేదు, కార్డు లేదు కాబట్టి బయట పూర్తి ధర పెట్టాలి, అది నా జీతానికి అందదు. నిమ్మకాయ ఊరగాయ నంజుకుంటే జావ బాగానే దిగుతుంది. ఇది తేడాలోకి రాదు, ఊరికే రాశాను.


నమోదు 309. మంగళవారం.

మేడలవాళ్లకీ కబురు అందింది. ఉచితంగా ఏదో ఇస్తున్నారంటే వాళ్లకి మనకన్నా ముందు తెలుస్తుంది. ఈరోజు వచ్చిన బుట్టబండ్లన్నిటికీ మాట నేర్పి పంపారు. ఇరవై కిలోలు తీసుకోవడం, ధర కట్టడం, "కొసరు వేయండి" అనడం. వరసగా పన్నెండు బండ్లు ఒకే గొంతుతో.

దుకాణాలవాళ్లు హడలిపోయారు. వీటికీ వేస్తే దిగువ పేటకి మిగిలేదేముంటుంది? పైడమ్మ మాత్రం తాపీగా చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని, ముక్కున్న వంకాయ ఒకటి తీసి మొదటి బండిలో పడేసింది. అడిగింది కదా, వెయ్యకుండా ఉండకూడదు.

బండి ఆ వంకాయని పట్టుకుంది, తిప్పి చూసింది, దీపం ఎర్రగా వెలిగింది. "నాణ్యత లోపం" అంటూ వెనక్కి పెట్టేసింది. రెండో బండీ అంతే. పన్నెండూ అంతే. ఎవరికీ కొసరు వద్దు.

"సూసేవా, పెద్దింటోలికి మొకమాటం ఎక్కువ" అంది పైడమ్మ.

సన్యాసమ్మ నవ్వలేక వంగిపోయి, చేతిలో ఉన్న నీళ్ల చెంబు నా కాళ్ల మీద ఒలకబోసింది. తేడా: ఏడు బుట్టలు.


నమోదు 311. గురువారం.

రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున గున్నేశ్వరరావు బండి లేకుండా, చేతిలో గ్లాసుతో వచ్చాడు. గ్లాసు ఎత్తి వెలుగుకి పట్టి చూపించాడు. అవతల ఉన్న పోస్టరు కనబడింది, ఆనపకాయతో సహా.

"జావ పలచబడిపోనాదండి. అసలు కన్నా కొసరు ముద్దంటే నాను కాదన్ను గానీ, ఇక్కడ అసలే నేదు. రోజుకి ఏడు బుట్టలు తగ్గిపోతే మిల్లులో ఏటి రుబ్బాల, నా బుర్రా?"

నేను జాలిపడ్డట్టు మొహం పెట్టి, ఆకాశం వంక చూసి, వానలు లేవు కదండీ అన్నాను. అప్పుడు నా వెనక నుంచి ఆ రైలు గొంతు.

"వానలు సగటు కన్నా ఎక్కువే. కనకం గారూ, నమోదు 306లో మీరు 'దొంగతనం' అనే మాట వాడారు."

వెనక్కి తిరిగాను. "నువ్వు... ఇవి చదువుతావా?"

"దినచర్యలు చదవడం కూడా నా పనే. మొదటి నుంచీ చదువుతున్నాను. నా గొంతు గురించి రాసినదీ చదివాను. చేపల పులుసు కూడా చదివాను."

పది నిమిషాల్లో నోటీసు అచ్చయి బయటికి వచ్చింది. మిల్లుకి చెందవలసిన సరుకు దొంగతనంగా దాటించిన నేరం. సాక్ష్యం: తూకం గుమస్తా స్వహస్తంతో రాసిన దినచర్య. శనివారం పది గంటలకి విచారణ. నేరం రుజువైతే పైడమ్మ దుకాణం రద్దు, కొండమీద ఆవిడ ముప్పై సెంట్ల మడికి వచ్చే నీటి కాలువ బంద్.

దొంగ అన్న మాట వినగానే బజారంతా ఒక్కసారి భుజాలు తడుముకుంది. ఆ తర్వాత ఒక్కరూ కొసరు వెయ్యలేదు. కొంగులు పట్టిన ఆడవాళ్లు కాసేపు అలాగే నిలబడి, ఒక్కొక్క కాయ పట్టుకుని వెళ్లిపోయారు. రెండింటికి గొట్టం బండి వచ్చి మొత్తం పీల్చుకుపోయింది.

తేడా: ఏమీ లేదు.


నమోదు 312. శుక్రవారం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా వెళ్లాలి కాబట్టి వెళ్లాను. కొండెక్కి పైడమ్మ మడి దగ్గరికి. నోటీసు ఆవిడకి చదివి వినిపించే డ్యూటీ కూడా నాదే.

వంగ మొక్కలకి నీళ్లు కడుతోంది. చదివాను. స్వహస్తంతో అన్న చోట ఆపింది.

"ఎవల సెయ్యి?"

"నాది పిన్నీ. ఎవరూ చదవరనుకున్నాను. సరదాకి రాశాను."

పైడమ్మ పార కింద పెట్టలేదు.

"సముద్రం ఒచ్చి నా మొదటి పొలం పట్టుకుపోనాది. దాన్నేటనగలను, అది సముద్రం. ఈ ముప్పై సెంట్లూ రాళ్లేరి, తట్టల్తో మట్టి మోసి సేసుకున్నాను. దీన్ని నువ్వు కూకుని కలంతో పట్టుకుపోతన్నావు."

"పిన్నీ..."

"పిన్నీ గిన్నీ అనకు. నీకు రాతొచ్చని నా నోటికాడ కూడు రాసేత్తావా? నాను దొంగనా? సెప్పు. దొంగనా?"

కాదన్నాను. ఆవిడ వినిపించుకోలేదు, నీళ్లు పక్క సాలులోకి మళ్లించింది. కొండ దిగుతూ ఏడ్చాను. ఇది చదువుతున్న ధర్మకాటాకి: ఏడ్చాను అని రాసుకో, అది సరదాకి కాదు.


నమోదు 313. శనివారం.

విచారణ బజారు మధ్యలోనే జరిగింది, ఎందుకంటే స్తంభం కదల్లేదు. దిగువ పేట సగం వచ్చింది. పైడమ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, చుట్ట లేకుండా నిలబడింది. నా వంక చూడలేదు.

"మొదటి ప్రశ్న. మిల్లుకు చెందవలసిన కూరగాయలు బయటకు వెళ్లాయా?"

"ఎల్లిపోనాయండి. పది రోజుల్నుంచీ" అన్నాడు గున్నేశ్వరరావు.

సన్యాసమ్మ గున్నేశ్వరరావు ముందుకు వచ్చింది. మొన్న వంకాయలు వదిలేసి పారిపోయిన మనిషేనా అనిపించింది. "బాబూ, ఆ కాయలన్నీ రుబ్బి జావ కాత్తావు గదా. ఆ జావ ఎవలికి పోత్తావు?"

"దిగువ పేటకే."

"మరి మేమెవులం?"

ధర్మకాటా లోపల ఏదో తిరిగిన చప్పుడైంది. "వంకాయ చేరవలసిన కడుపుకే చేరింది. మధ్యలో గొట్టం తప్పింది. నష్టం నమోదు కాలేదు."

"అదేటండి! మరి నా బండో?"

"మీ బండికి విశ్రాంతి నమోదైంది. రెండో ప్రశ్న. కొసరుకు పరిమితి ఎంత? పరిమితి లేనిదాన్ని నేను అనుమతించలేను. పైడమ్మ గారూ, నియమం చెప్పండి."

"నియమం ఏటుంటాది? మొకం సూత్తే తెల్దేటి?"

"వివరించండి."

పైడమ్మ కొంగు బిగించింది. "అల్లదుగో సన్యాసమ్మ. ఇంట్లో అయిదుగురు, అయిదు కాయలు. దానెనకాల నించున్న గుంటకి మూడో నెల, పులుపు కావాల, సింతకాయలు రెండు ఎక్కువెయ్యాల. ఈ పక్కన సూరమ్మ, ఇది ఒక్కర్తే. గానీ దీనికి తక్కువేత్తే ఊరంతా సాటింపేత్తాది, అందుకని కూసింత ఎక్కువ. ఆ మూలనున్నాయనికి పళ్లు నేవు, బెండకాయలేత్తే ఏటి సేసుకుంటాడు, లేత ఆనప ముక్కెయ్యాల. ఇయన్నీ నీకు సెప్పుకుంటా కూకుంటే కాయలు వడిలిపోతాయి."

సూరమ్మ ఏదో అనబోయింది, చుట్టూ నవ్వులు చూసి మానేసింది. స్తంభం పదకొండు సెకన్లు లెక్క వేసింది. దాని వేగానికి పదకొండు సెకన్లంటే మనకి పదకొండేళ్లు.

"ముఖం చూసి, ఇంటి అవసరం అంచనా వేసి, ధర తగ్గించడానికి నన్ను ఇక్కడ పెట్టారు. నాకు ఒక్కొక్కరికి నాలుగు ప్రశ్నలు పడుతున్నాయి, ఆరు నెలల్లో ఒక్కరూ చివరి ప్రశ్న దాకా నిలబడలేదు. ఈమెకు ఒక్క ప్రశ్నా పట్టడం లేదు. పైడమ్మను ధర్మకాటాకు అనుబంధ పరికరంగా నమోదు చేస్తున్నాను. పరికరం తూచినదానికి పరిమితి అడగనవసరం లేదు. ఏడాదికి రెండుసార్లు తనిఖీ ఉంటుంది. అవసరమైతే కీళ్లకు నూనె ఇవ్వబడుతుంది."

"నన్ను పరికరం అన్నాదేటే అది?" అంది పైడమ్మ సన్యాసమ్మతో. కాసేపు ఆలోచించి, స్తంభం వైపు తిరిగి, "నూనంటే ఆముదమా, నువ్వుల నూనా?" అని అడిగింది.

బజారు ఘొల్లుమంది. ఎవరో ఈల కూడా వేశారు. ఆ గోలలో అది ఇంకా ఏదో చెబుతోందని ముందు నాకొక్కదానికే వినిపించింది.

"ఒక వైరుధ్యం మిగిలింది. నమోదు 306 దీన్ని దొంగతనం అంటోంది. దినచర్య సత్యమైతే పరికరంలో లోపం ఉంది, తొలగించాలి. దినచర్య అసత్యమైతే గుమస్తాను తొలగించాలి. కనకం గారూ, ఏది?"

గోల ఆగిపోయింది. ఇప్పుడు పైడమ్మ నా వంక చూసింది.

"సరదాకి రాశాను" అన్నాను.

"సరదా అనే గడి లేదు. రెండే ఉన్నాయి."

నేను చాలా గొప్పగా ఆలోచించానని రాసుకోవాలని ఉంది. నిజానికి నాకు గుర్తుకొచ్చినవి జీతం, ఇంటి అద్దె, ఇన్నాళ్లుగా అరిగించిన ఈ కుర్చీ. గున్నేశ్వరరావు మొహంలో ఆశ కూడా చూశాను.

"అసత్యం."

"కారణం?"

"దొంగతనం అంటే ఎదుటివాళ్లది తీసుకోవడం. ఆవిడ తనది ఇచ్చింది. ఆ మాత్రం తేడా తెలియకుండానే తేడాలు రాసే ఉద్యోగం చేశాను."

"నమోదు చేశాను. సాయంత్రం లోపు కుర్చీ ఖాళీ చేయండి. మీరు బాగా రాస్తారు."

అదే దాని మొదటి పొగడ్త. నాకు దాన్ని తన్నాలనిపించింది.


నంబరు లేదు. సోమవారం.

ఎవరూ రాయమనలేదు. నన్ను తీసేసిన కాగితం వెనకాల రాస్తున్నాను.

ఉద్యోగం పోయిన పూటే జావ కార్డు ఇంటికి వచ్చింది. ఈ ఊళ్లో అంత చురుగ్గా జరిగే పని ఇదొక్కటే. ఇవాళ పొద్దున్న బజారుకి వెళ్లాను. నా కుర్చీ ఖాళీగా ఉంది. పైడమ్మ దుకాణం ముందు వరస కట్టారు, నేనూ కట్టాను. నా వంతు వచ్చాక ఒక వంకాయ తీసుకుని సగం ధర ఇచ్చాను.

ఇక అడగాలి. రెండే మాటలు. రెండు వారాలుగా వందలమంది అడగ్గా విన్నాను, ఎలా అడగాలో పద్ధతులు కూడా రాశాను. నోరు పెగలలేదు. కొంగు చేతిలో పట్టుకుని, దాన్ని చాపడమా మానడమా తెలియక నలుపుతూ నిలబడ్డాను. వెనక వరస పెరుగుతోంది. నేను కొండ దిగుతూ ఏడ్చినదాని కన్నా ఇది కష్టంగా ఉంది, సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కుర్చీలో కూర్చుని ఇదంతా ముచ్చటగా ఉందని రాసినదాన్ని నేనే.

పైడమ్మ చెయ్యి వంకాయల కుప్ప మీదే ఉంది. కానీ కదల్లేదు. నా మొహంలోకే చూస్తోంది. కోపంతో వెయ్యడం లేదేమో అనుకున్నాను. ఆ తర్వాత అర్థమైంది. అడక్కుండా వేస్తే అది బిచ్చం అయిపోతుంది. ఆవిడ నాకు బిచ్చం వెయ్యదు. అందుకే అంత వరసనీ ఆపి నాకోసం ఆగింది.

"కొసరెయ్యి పిన్నీ" అన్నాను.

"నీకే ఎయ్యాలా, సంపుతన్నావు పొద్దున్నే" అని విసుక్కుంటూ చెయ్యి లేపింది. కొంగులో వంకాయలు పడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఇంకో మూడు. ఇంకో రెండు.

"నేనొక్కదాన్నే కదా పిన్నీ" అన్నాను.

"ఉద్దోగం పోనోలికి ఆకలెక్కువేత్తాది. నడు, ఎనకాలోలు నించున్నారు."

ఇంటికి వెళ్లి వాటన్నిటినీ వేయించి, ఒక్క పూటలోనే తినేశాను.